నీళ్ళు వినిపించే డబ్బా

నరసింహప్పకు అనుమానం నిన్న మొన్న వచ్చిన జబ్బు కాదు. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూస్తాడు. బస్సులో కండక్టరు చిల్లర తక్కువ ఇస్తే తగువు పెట్టుకుంటాడు, సరిగ్గా ఇస్తే ఎందుకు సరిగ్గా ఇచ్చాడా అని దారి పొడుగునా ఆలోచిస్తాడు. భార్య ఆంజినమ్మ ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, చివరికి ఒక దారి కనిపెట్టింది. ఏదైనా ఆయన నమ్మాలంటే అది అబద్ధమేమో అని తానే ముందుగా అంటుంది. అప్పుడాయన కాదు, నిజమే అని వాదిస్తాడు.

కానీ ఈసారి ఆయన అనుమానానికి ఒక కారణం ఉంది. బుక్కరాయసముద్రం దాటి లోపలికి పోతే వచ్చే ఊరు వాళ్ళది. ఊరవతల రెండెకరాల చీనీ తోట, అంటే బత్తాయి. బిడ్డల్లా సాకిన చెట్లు. అవి కాపుకొచ్చిన రెండో ఏడే బోరు వెనకపట్టు పట్టింది. మొదట్లో పాదులు నిండేవి, తర్వాత తడిసేవి, ఆ తర్వాత పైపులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఉత్త గాలికి తిరిగి తిరిగి మోటారు కాలిపోతే పైకి తీయించి, గట్టు మీద పెట్టి గోనెపట్టా కప్పాడు. సరిగ్గా ఆ ఎండాకాలమే, గట్టు అవతల టమోటా పెట్టుకునే చౌడప్ప కొత్త బోరు వేయించాడు. లోతుగా దింపించాడు. నీళ్ళు పడ్డాయి. సంతోషంతో ఊరందరికీ బెల్లం పంచాడు, నరసింహప్పకు కూడా ఒక గడ్డ తెచ్చి చేతిలో పెట్టాడు.

మన నీళ్ళు తోడుకుని మనకే బెల్లం పెడతాడా అని నరసింహప్ప ఆ గడ్డను కొట్టంలోని వట్టిపోయిన ఎనుముకు వేశాడు. ఎనుముకు అనుమానాలు లేవు కాబట్టి నాకేసింది. అప్పటినుంచి గట్టు అవతల మోటారు చప్పుడు వినిపించినప్పుడల్లా ఆయన చేస్తున్న పని ఆపి అటే చూసేవాడు. తన చెట్ల ఆకులు ముడుచుకుంటున్నాయి, వాడి టమోటాలు ఎర్రబడుతున్నాయి. ఇంకేం రుజువు కావాలి?

ఆ ఊరి పెద్దలకు మాత్రం ఇంకో రుజువు కావాలి. బోర్ల తగువులకు అక్కడ ఒక పద్ధతి ఉంది. కొత్త బోరు వాడు రెండు రోజులు మోటారు కట్టెయ్యాలి. అప్పుడు పాత బోరు పైపుకు చెవి ఆనించి వింటారు. లోపల ఊట చుక్కలు పడే చప్పుడు రావాలి. తర్వాత కొత్త మోటారు వేస్తారు. చప్పుడు ఆగిపోతే రెండు బోర్లదీ ఒకటే జల అని తేలినట్టు, అప్పుడు కొత్త బోరు వాడు వారం వారం పాత బోరు వాడికి వంతు నీళ్ళు ఇవ్వాలి. ఆగకపోయినా, అసలు చప్పుడే రాకపోయినా తగువు అంతటితో సరి. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

నరసింహప్పకు మిగిలింది ఆ వంతు ఒక్కటే. ఇంకో బోరు వేయించే శక్తి ఆయనకు లేదు. నిరుడు వానలకు ఎలాగో నిలబడ్డాయి గానీ, ఈ ఎండలు దాటేలోపు నీళ్ళు అందకపోతే చెట్లు కట్టెలవుతాయి. కట్టెయిన చీనీ చెట్టు మళ్ళీ చిగురించదు, కొట్టి పొయ్యిలో పెట్టుకోవడమే.

చిక్కల్లా చెవుల దగ్గర వచ్చింది. పెద్దలు ఆ పద్ధతి పెట్టుకున్న కాలంలో బోర్లు ఇంత లోతు లేవు, పెద్దల చెవులు ఇంత మందగించలేదు. తీర్పు చెప్పాల్సిన రామదాసు పెద్దాయనకు పక్కన నిలబడి అరిస్తేనే సగం వినబడుతుంది. ఆయనను పైపు దగ్గర కూర్చోబెట్టి చుక్కల చప్పుడు వినమనడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

ఉపాయం చెప్పింది శశికుమార్. నరసింహప్ప అక్క కొడుకు. బుక్కరాయసముద్రంలో పెళ్ళిళ్ళకు, జాతరలకు సౌండు సర్వీసు నడుపుతాడు. పొడుగాటి వైరుకు చిన్న మైకు కట్టి బోరులోకి దింపుదాం, ఈ కొస ఫోనుకు పెడదాం, ఫోను నుంచి నా దగ్గరున్న పెద్ద హెడ్‌ఫోన్లకు పెడితే తాతకు చక్కగా వినబడుతుందన్నాడు. కరెంటు లేక ఊరి మోటార్లన్నీ ఆగి ఉన్నప్పుడు ఒకసారి దింపి ఫోనులో రికార్డు కూడా చేశాడు. తీరా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఏమీ లేదు. చివరికి పాట పెట్టినా పక్క ఊర్లో ఎవరో పాడుకుంటున్నట్టు ఉంది. ఆ హెడ్‌ఫోన్లు పెద్ద మిక్సర్లకు పెట్టుకునేవి, వాటిని కదిలించే బలం ఫోనుకు లేదని శశి వివరించాడు. మధ్యలో ఒక చిన్న ఆంప్లిఫయరు పెట్టాలట. జేబులో పట్టేది దొరుకుతుందట, ధర కూడా మరీ ఎక్కువ కాదట.

ఇదంతా వీడు ఊరికే ఎందుకు చేస్తున్నాడా అని నరసింహప్ప ఒక పూట ఆలోచించి, వాళ్ళమ్మ చెప్పి ఉంటుందిలే అని సమాధానపడి, మేనల్లుడి బైకు వెనక ఎక్కి అనంతపురం పోయాడు.

సందులో చిన్న అంగడి. నడిపేది జయంతి అనే ఆవిడ. శశి తెలిసినవాడే, సరుకు తీసుకుంటూ ఉంటాడు. తెలిసిన అంగడి అనగానే నరసింహప్ప భుజం మీది తుండు సర్దుకుని జాగ్రత్తపడ్డాడు. తెలిసిన చోటే కదా మోసపోయేది. శశి పని ఇదీ అని చెప్పాడు. ఆవిడ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. ఈ జిల్లాలో నీళ్ళ కోసం ఎవరు ఏం చేసినా ఎవరూ నవ్వరు. మూడు రకాలు తెచ్చి గాజు బల్ల మీద పెట్టింది.

మొదటిది చిటికెన వేలంత. ఒక కొసన ఫోనుకు గుచ్చే పిన్ను, ఇంకో కొసన హెడ్‌ఫోను పెట్టే కన్నం. చార్జింగు కూడా అక్కర్లేదు, ఫోను నుంచే కరెంటు తీసుకుంటుంది. మూడింటిలోనూ చవకైనది అదే. రెండోది అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, దాని మీద బేసు పెంచే బటను. మూడోది నల్లటి ఇనుప డబ్బా. చేతిలో పట్టుకుంటే బరువుంది, తిప్పేందుకు గుండ్రటి మర ఉంది, వేస్తే ఎర్ర దీపం వెలుగుతుంది. చూపులకు కొత్త అల్లుడిలా ఉంది.

శశి మొదట వేలంత దాన్ని గుచ్చి పాట పెట్టాడు. పాడేవాళ్ళు ఎదురుగా కూర్చుని ఊపిరి పీల్చుకుంటున్నంత తేటగా వచ్చింది. తర్వాత బోరు రికార్డు పెట్టాడు. నరసింహప్ప చెవులు రిక్కించాడు. ఎక్కడో ఒక టిక్కు. అది మైకు పైపుకు తగిలిన చప్పుడని శశి చెప్పాడు. ఆ తర్వాత ఏమీ లేదు. పాడుబడిన ఇంట్లోకి తల పెట్టినట్టు ఉంది. పాటలు పాడుతుంది గానీ బోరు సంగతి చెప్పలేని డబ్బా మనకెందుకని పక్కన పెట్టేశాడు.

రెండోదానిలో గుయ్యిమని మోత. తాడిపత్రి బండల లారీలు వరసగా పోతున్నట్టుంది. ఇది వింటే రామదాసు తాత, మోటారు ఆపకముందే నన్నెందుకు పిలిచారని కేకలేస్తాడు. అదీ పక్కకు పోయింది.

మూడోది పెట్టాక నరసింహప్ప కదలలేదు. సన్నగా, తెగకుండా, స్స్ మని ఒకటే ధార. రాతి మీద నీళ్ళు జారే చప్పుడు. మర కొంచెం తిప్పితే పెద్దదైంది, ఇంకొంచెం తిప్పితే వాగైంది. ఆ చప్పుడు విని ఆయనకు ఏడాది దాటింది. కళ్ళు తడయ్యాయి. ఎవరన్నా చూస్తారేమోనని తుండుతో ముఖం తుడుచుకుని, ఇదే కావాలన్నాడు.

జయంతి ఆ చప్పుడు బోరుది కాదంది. "అది డబ్బా సొంత చప్పుడు పెద్దాయనా. సౌండు ఎక్కువ పెడితే దానికదే అట్ల అంటాది. ఆ చిన్నది తీసుకోండి, దుడ్లు కూడా తక్కువే."

అంతే, పని చెడింది. ఎక్కువ ధర సరుకును కాదని తక్కువ ధరది తీసుకోమనే వ్యాపారిని నరసింహప్ప పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇందులో ఏదో ఉంది. నీది ఏ ఊరమ్మా అని మెల్లగా అడిగాడు. పుట్టిల్లు మడకశిర అని చెప్పిందావిడ. చౌడప్ప భార్య వెంకటలక్ష్మమ్మది కూడా మడకశిరే. మడకశిరలో వేల మంది పుట్టి ఉంటారు గానీ, ఆ లెక్క ఆయనకు అప్పుడు గుర్తుకు రాలేదు. చౌడప్ప వాళ్ళు ముందే వచ్చి మాట్లాడుకుని పోయారని గట్టిగా తేల్చుకున్నాడు.

శశి ఊరుకోలేదు. రికార్డు ఆపేసి, ఇప్పుడు విను మామా, ఇప్పుడు కూడా వస్తుంది చూడు అన్నాడు. నిజంగానే వస్తోంది. నువ్వు ఆపినట్టు చేసి ఆపలేదులే అని నరసింహప్ప నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "వాళ్ళ దగ్గర నీకేమన్నా ముట్టిందా అల్లుడా?"

ఆ మాటకు శశి ముఖం వాడిపోయింది. ఆ డబ్బా సంగతి మళ్ళీ ఎత్తలేదు. జయంతి డబ్బా కడుతూ, నచ్చకపోతే వారంలోపు తెచ్చి మార్చుకోండి అని చెప్పింది. ఇంత మంచిగా మాట్లాడుతోందంటే ఇందులో కూడా ఏదో మెలిక ఉండే ఉంటుందనుకుంటూ నరసింహప్ప మెట్లు దిగాడు.

ఇంటికొచ్చాక ఆంజినమ్మకు హెడ్‌ఫోన్లు తగిలించి ఎలా ఉందని అడిగాడు. ఆమె కాసేపు విని, సంగటికి పెట్టిన ఎసరు కాగుతున్నట్టుందని చెప్పింది. కొంచెం ఆగి ఇంకో మాట అడిగింది. "ఇన్ని నీళ్ళుంటే మోటారు కాలిన దినం గాలి ఏంటికి వచ్చె?"

అప్పుడు చౌడప్ప తోడేస్తూ ఉన్నాడని ఆయన జవాబు. ఆమె ఇంకేమీ అనలేదు. అనకపోవడం కూడా ఆయనకు అనుమానంగానే తోచింది. ఈమె, వెంకటలక్ష్మమ్మ కలిసి కాయలు కోయను పోతారు, ఒకే సద్దిమూట విప్పుకుని తింటారు. సద్ది దగ్గర ఏమేం మాట్లాడుకుంటారో ఎవరికి తెలుసు?

మర్నాడు సాయంత్రం ఒక్కడే తోటకు పోయి మైకు దింపి కూర్చున్నాడు. డబ్బా తిప్పితే ధార. తన బోరులో, తన నేల కింద, తన నీళ్ళు. పొద్దు వాలేదాకా వింటూనే ఉన్నాడు. ఇంత కాలం చెట్ల మధ్య తల వంచుకుని నడిచిన మనిషి ఆ రోజు ఒక్కొక్క చెట్టునూ తట్టి, ఇంక కొన్నాళ్ళు ఓర్చుకోండని చెప్పి ఇంటికొచ్చాడు.

తగువు రోజు రానే వచ్చింది. చౌడప్ప మాట ప్రకారం మోటారు కట్టేసి ఉంచాడు. ఆ ఎండకు టమోటా ఆకులు తలలు వేలాడేశాయి. ఆయన వాటికేసి చూసుకుంటూ గట్టు అవతల నిలబడ్డాడు. పొద్దున్నే రామదాసు, ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చి బోరు చుట్టూ కూర్చున్నారు. శశి మైకు దింపాడు. డబ్బా ఎర్రగా వెలిగింది. నరసింహప్ప తన చేత్తోనే హెడ్‌ఫోన్లు రామదాసు చెవులకు పెట్టి మర తిప్పాడు.

పెద్దాయన ముఖం విచ్చుకుంది. ఎన్నేళ్ళయిందో ఆయన అంత స్పష్టంగా ఏదైనా విని. "పోతాండాది," అన్నాడు. "బాగా పోతాండాది నీళ్ళు."

మిగిలిన ఇద్దరూ విని తల ఊపారు. నరసింహప్ప గట్టు అవతలికి చూశాడు. ఇప్పుడు దొరికావులే అన్నట్టు చూశాడు. శశి తుండు ఊపితే చౌడప్ప మోటారు వేశాడు. రామదాసు మళ్ళీ చెవులకు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అందరూ ఆయన పెదవుల వంకే చూస్తున్నారు.

పోతాండాది అన్నాడాయన. కాసేపాగి, ఇంకా పోతాండాది అన్నాడు. మోటారు అవతల రొదపెడుతూనే ఉంది, ఇక్కడ నీళ్ళు పోతూనే ఉన్నాయి. నరసింహప్పకు అనుమానం వచ్చింది. మోటారు ఉత్తగా తిప్పుతున్నాడేమో అని గట్టు దాటి పరుగెత్తి చూశాడు. పైపులోంచి నీళ్ళు కాలవలోకి పడుతున్నాయి. తిరిగొచ్చేసరికి తీర్పు అయిపోవస్తోంది. చప్పుడు ఆగలేదు కాబట్టి జలలు వేరు, తగువు లేదు అన్నారు. పైగా కడుపులో ఇన్ని నీళ్ళు పెట్టుకుని, లేవని ఏడుస్తావేమి, మోటారు బాగు చేయించుకోరాదా అని ఒకాయన మందలించాడు.

శశి వైరు పైకి చుట్టడం మొదలుపెట్టాడు. రామదాసు మాత్రం హెడ్‌ఫోన్లు తీయలేదు. వినడం ఆయనకు బాగుంది. మైకు బయటికొచ్చింది, గట్టు మీద దుమ్ములో పడింది. పెద్దాయన తల పంకిస్తూ, నీళ్ళు ఇంకా పోతున్నాయన్నాడు. ఎవరో ఫోనుకున్న వైరు పీకేశారు. అప్పటికీ పోతూనే ఉన్నాయి.

ముందు ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పొలాల్లో పనిచేసేవాళ్ళు కూడా ఏమిటేమిటని వచ్చి నవ్వారు. నీళ్ళు లేని ఊరికి ఈ డబ్బా చాలు, ఇంటికొకటి తెచ్చుకుందామని ఒకడు అన్నాడు. నరసింహప్ప తల ఎత్తలేదు. ఆ బోరు కన్నం ఇంకొంచెం పెద్దదిగా ఉంటే ఆయన అందులోకి దిగిపోయేవాడే. శశి ముందు ఎక్కువ సిగ్గేసింది. వాడిని ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నవ్వనివాడు చౌడప్ప ఒక్కడే. మోటారు ఆపి, గట్టు దాటి వచ్చి రామదాసు ముందు నిలబడ్డాడు. ఆయనకు వినబడేటట్టు గట్టిగా చెప్పాడు.

"ఇది లెక్కకు రాదు పెద్దాయనా. ఈ తీర్పు నాకొద్దు. ఊరు నవ్వుకుని పోతాది, ఈయన కడుపులో మాత్రం నేను దొంగనే. సరైన డబ్బా తెప్పించండి. అందాక నేను మోటారు వెయ్యను."

శశి అప్పటికప్పుడు బైకెక్కి అనంతపురం పోయాడు. పెద్దలు మోటారు గది నీడలో కూర్చున్నారు. వెంకటలక్ష్మమ్మ మజ్జిగ పంపించింది. నరసింహప్ప లోటాలోకి కాసేపు చూశాడు, అందరూ తాగుతున్నారు కదా అని తానూ తాగాడు. ఉప్పు సరిగ్గా ఉంది. ఈ చౌడప్ప ఏం ఎత్తు వేస్తున్నాడా అనే ఆలోచన ఒక్కటే ఆయనను వదల్లేదు. గెలిచిన తీర్పును వదులుకునేవాడు ఉంటాడా? ఉంటే ఎందుకుంటాడు?

శశి వేలంత దాన్ని తెచ్చాడు. జయంతి ఒక్క మాట కూడా అడక్కుండా మార్చి ఇచ్చి, మిగిలిన డబ్బు కూడా వెనక్కు పంపిందట. మైకు మళ్ళీ దింపారు. ఇప్పుడు వినేదెవరన్న ప్రశ్న వచ్చింది. ఇంత సన్నటి చప్పుడు తన చెవులకు అందదని రామదాసు ఒప్పుకున్నాడు. మిగిలిన పెద్దలిద్దరూ పొద్దున చేసిన తప్పు మళ్ళీ చేయడానికి భయపడ్డారు. శశి విందామంటే నరసింహప్ప మేనల్లుడు.

"ఆయన్నే ఇననీండి," అన్నాడు చౌడప్ప. "ఆయన ఏం చెప్తే అదే ఖాయం."

అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది నరసింహప్ప. తనను ఎవరైనా ఇలా నమ్మగలరని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. తాను ఎవరినీ నమ్మలేదు కాబట్టి ఆ లెక్క అటువైపునుంచి కూడా అంతే అనుకున్నాడు. ఉచ్చు ఎక్కడుందా అని చౌడప్ప ముఖమంతా వెతికాడు. ఎండకు కమిలిన చర్మం, గీయని గడ్డం తప్ప అక్కడ ఏమీ దొరకలేదు. చౌడప్ప వెళ్ళి స్టార్టరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

నరసింహప్ప హెడ్‌ఫోన్లు పెట్టుకుని బోరు పక్కన గొంతుకూర్చున్నాడు. శశి వైరు ఇంకొంచెం వదిలాడు. మైకు పైపుకు రాసుకున్న చప్పుడు గరగరమని వచ్చింది. పైపు దాటి బండలోకి దిగినట్టు తెలిసింది. ఎక్కడో ఒక రాయి పెళ్ళ విడిపడి గోడలకు తగులుతూ కిందికి పోయింది. తగిలింది, మళ్ళీ తగిలింది, ఇంకా లోతున తగిలింది. చివరికి టక్కుమని ఆగింది. ఎండిన బండ మీద పడిన చప్పుడు అది. నీళ్ళలో పడిన రాయి అలా పలకదు.

ఆ తర్వాత ఏమీ లేదు. తన ఊపిరి వినబడుతోంది, చెవుల్లో తన రక్తం కొట్టుకోవడం వినబడుతోంది. ఒక్క చుక్క పడుతుందేమో అని కాచుకున్నాడు. ఒక్కటి చాలు. పడలేదు. మోకాళ్ళు నొప్పెట్టినా లేవలేదు. పొద్దున వేసిన ఆ కాసేపు తప్ప చౌడప్ప మోటారు ఆగి రెండు రోజులు. తోడేవాడు లేకపోయినా ఊట ఊరలేదు.

అప్పుడు ఆయనకు ఒక సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆయనకు చౌడప్ప దొంగగానే కావాల్సి వచ్చాడు. దొంగ ఉన్నాడంటే దోచుకునేందుకు నీళ్ళున్నట్టే కదా. వాడి మీద కోపం పెట్టుకుని పడుకుంటే, నేల కింద నీళ్ళున్నాయనే ధైర్యంతో నిద్ర పట్టేది. దొంగ లేకపోతే ఇంక ఎవరి మీద పడాలి? ఎవరిని అడగాలి?

ఎదురుగా చెట్లు. ఆకులు దోసిళ్ళలా ముడుచుకుని ఉన్నాయి. మనసులో ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. పడుతోంది అంటే చాలు. తర్వాత మోటారు వేయమని, ఆగిపోయింది అంటే చాలు. కాదనేవాడు ఎవడూ లేడు. వారం వారం వంతు వస్తుంది, చెట్లు బతుకుతాయి. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. తలెత్తి గట్టు అవతలికి చూశాడు. చౌడప్ప అటే చూస్తున్నాడు, స్టార్టరు మీది చెయ్యి తీయలేదు. నమ్మి నిలబడినవాడిని మోసం చేయడం ఇంత కష్టమని నరసింహప్పకు తెలియదు, ఎందుకంటే ఆ అవసరం ఆయనకు అంతకుముందు రాలేదు.

హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని లేచాడు.

"లేదప్పా చౌడప్పా," అన్నాడు. "చుక్క కూడా లేదు. నువ్వు తీసుకునేదానికి నా బోరులో ఏమీ లేదు."

రామదాసుకు పక్కవాళ్ళు ఆ మాట అరిచి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి అంత గట్టిగా వినడం నరసింహప్పకు ఇంకా కష్టమైంది. పొద్దున నవ్వినవాళ్ళు కూడా ఈసారి నవ్వలేదు. తగువు అయిపోయిందని చెప్పి పెద్దలు తుండ్లు దులుపుకుని లేచారు. ఒక పెద్దాయన పోతూ పోతూ నరసింహప్ప భుజం మీద చెయ్యి వేసి పోయాడు.

శశి వైరు చుట్టబోతుంటే చౌడప్ప వచ్చి వద్దన్నాడు. పెద్దలు దూరం పోయేదాకా ఆగాడు. తర్వాత నేల చూపులు చూస్తూ చెప్పాడు. తన బోరు కూడా ఉగాదినుంచి తగ్గుతోందట. మొదట్లో పగలంతా పోసేది, ఇప్పుడు కాసేపటికే గాలి దగ్గుతోందట. ఇంట్లో వెంకటలక్ష్మమ్మకు కూడా చెప్పలేదట. ఒక్కసారి మైకు అందులో దింపి చూడమన్నాడు.

"నువ్వే ఇని చెప్పన్నా," అన్నాడు. "నాకు ధైర్యం చాలలే."

నరసింహప్ప తన బోరులోంచి వైరు పైకి లాగి, చుట్ట భుజానికెత్తుకుని గట్టు దాటాడు. చౌడప్ప బోరులో మోటారు పైపు పక్కన సందు ఇరుకు. శశి మైకును ఆ సందులోంచి కొంచెం కొంచెంగా వదిలాడు. నరసింహప్ప చెవులకు పెట్టుకుని కూర్చున్నాడు. ఉండనీ దేవుడా అనుకున్నాడు. పక్కవాడి బోరులో నీళ్ళుండాలని మొక్కుకోవడం ఆయన బతుకులో అదే మొదలు. తాను అలా మొక్కుకుంటున్నందుకు తనకే వింతగా అనిపించింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, ఎంతో కింద, టప్పుమని ఒకటి పడింది. మళ్ళీ ఎంతోసేపు లేదు. మళ్ళీ పడింది.

"పడతాండాది," అన్నాడు.

చౌడప్ప దగ్గరికి వచ్చి ఆయన కళ్ళలోకి చూశాడు. జాలిపడి చెబుతున్నాడేమో అన్న అనుమానం ఆ చూపులో స్పష్టంగా ఉంది. అలాంటి చూపును నరసింహప్ప గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? హెడ్‌ఫోన్లు తీసి చౌడప్ప చెవులకు పెట్టాడు.

చౌడప్ప కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య ఆయన ఊపిరి కూడా తీయలేదు.

"ఇది ఇద్దరికీ చాలదన్నా," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"తెలుసులే," అన్నాడు నరసింహప్ప. చెవుల్లో హెడ్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి చౌడప్పకు ఆ మాట వినబడి ఉండదు. నరసింహప్ప శశి చేతిలోని వైరు అందుకుని, ఇంకో చుక్క పడేదాకా కదలకుండా గట్టిగా పట్టుకున్నాడు.